వదిలేసిన బంతి

కుడికాలి లోపలి వైపుతో బంతిని మెత్తగా తన్నడం, అవతలి మనిషి పట్టుకుని తిరిగి విసిరితే అందుకోవడం, మళ్లీ తన్నడం. ఫుట్‌బాల్ ఆట మొదలయ్యే ముందు రెండో గోల్‌కీపరు చేయవలసిన పని ఇదే. మొదటి కీపరుకు చేతులు వేడెక్కాలి, బంతులు బాగానే పట్టగలనన్న ధీమా కలగాలి. అందుకని అతను పట్టుకోగలిగే చోటికే తన్నాలి. ఇది తోడుపెళ్లికొడుకు ఉద్యోగం లాంటిదని తాత నవ్వుతూ అంటుంటాడు. అలంకారమంతా ఉంటుంది గానీ పెళ్లి మాత్రం తనది కాదు.

తాత అన్నది జట్టువాళ్లు పెట్టిన పేరు. నలభై ఏళ్లయినా నిండకుండానే తాత అయిపోయాడు. మిగతావాళ్లంతా ఇరవైల్లో ఉన్నారు మరి. మనిషి పొడగరి. భుజాలు కాస్త ముందుకు వంగాయి. ఎడమచేతి చిటికెనవేలు ఎప్పుడో విరిగి, పక్కకు తిరిగి అతుక్కుంది. గడ్డం కింద పాత కుట్ల గుర్తు. ఇవన్నీ పరాయి దేశాల్లో సంపాదించినవే. ఏ దేశం వెళ్లినా, ఏ జట్టులో చేరినా, అక్కడి కీపరుకు కాలు విరిగిందనో భుజం జారిందనో కబురొస్తేనే వెళ్లాడు. ఇంకొకడి ఎముక విరిగితే గానీ తన నోటికి ముద్ద అందని ఉద్యోగమేమిటని మొదట్లో సిగ్గుపడేవాడు. తర్వాత అలవాటైపోయింది. ఆ విరిగినవాడు కోలుకునేదాకా ఆడాలి. కోలుకోగానే లేచి బెంచి మీదికి పోవాలి. అలాగే పదహారేళ్లు గడిచిపోయాయి.

ఇవాళ ఈ ఏటికి చివరి ఆట. డ్రా అయితే చాలు, జట్టు నిలబడుతుంది. ఓడితే కింది డివిజనుకు జారిపోతుంది. జట్టువాళ్లందరి భయమూ అదే. తాత భయం వేరు. అతని కుడి కన్ను మసకబారింది. పగటి వెలుతురులో ఎలాగో నెట్టుకొస్తున్నాడు గానీ, లైట్లు వేశారంటే కుడివైపు నుంచి వచ్చే బంతి ఆ వెలుగులో అలుక్కుపోతుంది. తల కొంచెం కుడికి తిప్పి ఎడమ కంటితో చూడడం నేర్చుకున్నాడు. అదొక శైలి అనుకున్నారు చూసినవాళ్లు. క్లబ్బు డాక్టరు మోకాళ్లు నొక్కి చూస్తాడు, గుండె వింటాడు. కీపరుకు కళ్లు కనపడుతున్నాయా అని అడగాలని మాత్రం ఆయనకు తోచలేదు.

పొద్దున ఫోనులో భార్య ఆ ఊసే ఎత్తింది.

“కన్ను సంగతి వాళ్లకి చెప్పారా?”

“ఇవాళ ఆట అయిపోనీ.”

“పోయిన ఆటకీ అదే మాట. మిమ్మల్ని ఆడమనకూడదని నేనిక్కడ రోజూ దండం పెట్టుకుంటున్నాను. మొగుడికి పని తగలకూడదని మొక్కుకునే పెళ్లాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.”

ఆమె మొక్కు చాలాసేపు పనిచేసింది. తలా ఒక గోలుతో ఆట సమంగా నడుస్తోంది. పొద్దువాలి లైట్లు వేశారు. తాత బెంచి మీద కూర్చుని మొదటి కీపరునే చూస్తున్నాడు. అతను ఎగిరినప్పుడల్లా తాత ప్రాణం గాలిలోకి లేచి, అతను కాళ్ల మీద దిగినప్పుడు మళ్లీ దిగుతోంది. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా, అతను బంతి కోసం ఎగిరి ఎదుటి ఆటగాడి మోకాలికి గుద్దుకుని పడ్డాడు. లేవలేదు.

“లే నాయనా, లే,” అని గొణుక్కున్నాడు తాత. జాలితో కాదు, భయంతో.

లేచాడు గానీ, మణికట్టు పట్టుకుని లేచాడు. కోచ్ వెనక్కి తిరిగి బెంచి వైపు చూశాడు. చూడడానికి అక్కడున్న కీపరు ఒక్కడే. మైదానం గీత దగ్గర ఎదురైన మొదటి కీపరు, “చెయ్యి పట్టు దొరకట్లేదన్నా, నువ్వే చూసుకో,” అన్నాడు.

తాత గోలు ముందు నిలబడ్డాడు. ఎడమవైపు నుంచి వచ్చిన బంతిని గుండెకు హత్తుకున్నాడు. ఇంకొకటి నేల మీద దొర్లుకుంటూ వస్తే కాళ్ల మధ్య దాచేశాడు. ఫరవాలేదనుకుంటుండగా కుడివైపు దూరం నుంచి ఎవరో బలంగా తన్నారు. తన్నిన చప్పుడు వినపడింది. బంతి కనపడలేదు. లైట్ల మధ్యకు లేచి వెలుగులో కలిసిపోయింది. ఎటు దూకాలో తెలియక చేతులు కిందికి వేసుకుని అలాగే నిలబడిపోయాడు. అయిపోయింది, ఇంతమంది నోట్లో మట్టి కొట్టానని అనుకున్నాడు. వెనక టప్పున చప్పుడైంది. బంతి గోలు స్తంభం బయటి అంచుకు తగిలి పక్కకు పోయింది. జనం హోరెత్తారు. కాసేపటికి ఈల మోగింది. ఆట డ్రా.

డ్రెస్సింగ్ రూములో కోచ్ అతన్ని ఎత్తినంత పని చేశాడు. “ఎంత నిబ్బరంగా వదిలేశావయ్యా ఆ బంతిని. చెయ్యి పెట్టుంటే తగిలి లోపలికి పోయేది. ఇంకో ఏడాది ఉండిపో. నేను పైవాళ్లతో మాట్లాడతాను.”

ఈ ఒక్క మాట కోసమే తాత ఇన్నాళ్లూ కన్ను దాచుకున్నాడు. తీరా ఆ మాట వచ్చాక, ఇంకో ఏడాది అలా నిలబడడం తన వల్ల కాదనిపించింది.

“నాకా బంతి కనపడలేదు సార్.”

కోచ్ నవ్వాడు. “వినయం ఎక్కువయ్యా నీకు.”

“నిజంగానే సార్. కుడి కన్ను పోయింది. లైట్ల కింద అసలు ఆనదు. శీతాకాలం నుంచీ ఇంతే.”

కోచ్ నవ్వు ఆగిపోయింది. మెల్లగా కూర్చుని సీసాలో నీళ్లన్నీ తాగేశాడు. “అంటే మనం ఇవాళ...”

“నక్క తోక తొక్కాం సార్.”

కోచ్ మొహాన్ని అరచేతులతో తుడుచుకున్నాడు. కోపం వస్తుందనుకున్నాడు తాత. రాలేదు. ఆయన భుజాలు కదిలేలా, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. “ఈ మాట గడప దాటకూడదు. నాకూ ఉద్యోగం కావాలి,” అన్నాడు. తర్వాత తాత చెయ్యి పట్టుకుని, “వెళ్లి కన్ను బాగుచేయించుకో,” అన్నాడు. ఇంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లయిందో తాతకే గుర్తులేదు.

స్నానం చేసి ఇంటికి ఫోను చేశాడు.

“టీవీలో తెగ మెచ్చుకుంటున్నారు,” అంది భార్య.

“కనపడక నిలబడ్డాను.”

“నాకు తెలుసు. అటువైపు నుంచి తన్నబోతున్నారనగానే కళ్లు మూసేసుకున్నాను. ఆ బంతిని మీరూ చూడలేదు, నేనూ చూడలేదు.”

ఇద్దరూ నవ్వుకున్నారు.

“చెప్పేశాను. వచ్చేస్తున్నా.”

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. “కంటి డాక్టరుకి రేపే చెప్పిపెడతాను. ఆ తర్వాత మన జెరాక్సు షాపులో కూర్చుందురుగాని. అక్కడా కూర్చునే పనే ఎక్కువ.”

మణికట్టుకు కట్టుతో మొదటి కీపరు వచ్చాడు. “నేనైతే అటు దూకి ఉండేవాణ్ని అన్నా. గోలయ్యేది,” అన్నాడు.

“నువ్వయితే పట్టుకునేవాడివి,” అన్నాడు తాత. ఆ మాట అన్నందుకు అతనికి సంతోషమేసింది.

ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. తాత బట్టలు సర్ది, పెట్టె మూత మీద మోకాలు పెట్టి నొక్కి, జిప్పు లాగాడు. పక్క తలుపు గుండా బయటికి వచ్చేసరికి మైదానంలో లైట్లు ఆర్పేస్తున్నారు. ఆ చీకటి అతనికి ఇబ్బంది అనిపించలేదు. వీధి మలుపు దాకా నడిచి టాక్సీ ఎక్కాడు.

డ్రెస్సింగ్ రూములో తలుపు వెనక చిలక్కొయ్యకు, పెట్టెలో పట్టని, బెంచి మీద వేసుకునే పొడవాటి కోటు వేలాడుతోంది, జేబులో సగం అయిన పిప్పరమెంట్ల పొట్లంతో, కూర్చుని కూర్చుని వెనకవైపు నున్నగా అరిగిపోయి.