మోహన చేసిన ఒక్కపొద్దులు

బంగారుపాళ్యంలో మోహనంత భక్తురాలు లేదని పేరు. శనివారం వచ్చిందంటే చాలు, తెల్లారకముందే తలకు పోసుకుని, నుదుట నిలువుబొట్టు పెట్టుకుని, కాఫీ చుక్కయినా ముట్టకుండా తిరుపతి బస్సెక్కేస్తుంది. కొండకు కాదు, కింద గోవిందరాజస్వామి గుడికి. "కోడలంటే అట్లుండాల" అని వీధిలో అత్తలందరూ తమ కోడళ్లకు వినపడేలా అనేవాళ్లు. పాపం ఆ కోడళ్లు మోహనను మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నారో!

నిజం చెప్పాలంటే ఆమె వెళ్లేది దోశ కోసం. "ఛీ ఛీ, మరి దర్శనమో?" అంటారేమో. దర్శనం చేసుకుంటుంది. అంత అన్యాయంగా మాట్లాడకూడదు మనం. స్వామి ముందు కళ్లు మూసుకుంటుంది, తీర్థం పుచ్చుకుంటుంది, శఠారి పెట్టించుకుంటుంది. బయటికి రాగానే మాత్రం ఆమె కాళ్లు గుడి పక్క సందులోని శ్రీనివాసులు టిఫిన్ హోటలు వైపు వాటంతటవే తిరుగుతాయి.

హోటలంటే పెద్ద హోటలేం కాదు. నాలుగు టేబుళ్లు, కిర్రుమనే ఫ్యాను, గోడకు స్వామి పటం. కానీ ఆ నెయ్యి కారం దోశ ఉంది చూశారూ! ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, అంచుల చుట్టూ నెయ్యి పోసి, కరకరలాడేలా కాల్చి తెచ్చి పెడతారు. పక్కన చెనిక్కాయల చట్నీ. మోహన మూల టేబులు దగ్గర కూర్చుని మొదటి ముక్క నోట్లో పెట్టుకుందంటే బంగారుపాళ్యం లేదు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడు ధర్మేంద్ర లేడు, అత్తామామలు లేరు. ఇంట్లో ఆమె కూర్చున్నదంటే ఎవరో ఒకరికి ఏదో ఒకటి కావలసి వస్తుంది. ఇక్కడ ఆమెకు కావలసింది ఇంకొకరు తెస్తారు. వారమంతా ఆ పూట కోసమే బతికేది పిచ్చిది.

ఇదంతా కూతురు నందిని ఇంటర్ పాసైతే ఏడు శనివారాలు పొద్దుగూకేదాకా మెతుకు ముట్టకుండా ఒక్కపొద్దుండి, స్వామి దర్శనం చేసుకుంటానని మొక్కుకోవడంతో మొదలైంది. పిల్ల పాసై చిత్తూరులో హాస్టలుకు పోయింది. ఆరో వారానికి మోహనకు గుండెల్లో రాయి పడింది. ఇంకొక్క వారంతో అయిపోతుందే! అయితే ఒక్కపొద్దుకు ఒక కట్టుబాటు ఉంది. మధ్యలో మైల వచ్చి వారం తప్పితే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి. సరిగ్గా అప్పుడే పలమనేరులో దాయాదుల ముసలాయన ఒకరు పోయాడు. బతికుండగా ఆయన మొహం కూడా సరిగా చూసి ఎరుగదు గానీ, కబురు విని మోహన కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ఏడుపులో కృతజ్ఞతే ఎక్కువ.

అప్పటినుంచి ఆమెకు ఒక కొత్త విద్య పట్టుబడింది. జిల్లాలో దాయాదుల ఇళ్లలో ఎవరు పోయినా, ఎవరు కన్నా, ఆ కబురు అందరికంటే ముందు మోహనకే తెలిసేది. ఆరో వారం దగ్గర పడితే ఆమే ఫోను తీసి "పిన్నీ, అందరూ బాగుండారా?" అని ఆరా తీసేది. బాగున్నామంటే కాస్త నీరసపడేది కూడా. అట్లా ఆ మొక్కు రెండేళ్లయినా తీరలేదు.

కోడలి అవస్థ చూసి అత్త వరలక్ష్మమ్మ మనసు కరిగిపోయింది. ఆమె అసలు సిసలు నిష్ఠాపరురాలు. చుక్క కనపడేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి. ఒక శుక్రవారం సాయంత్రం పూలు కడుతూ చల్లగా బాంబు పేల్చింది.

"ఏమ్మే మోహనా, నీ మొక్కు నీ ఒక్కదాని వల్ల తీరేటట్లు లేదు. రేపట్నుంచి నేనూ వస్తా. ఇద్దరం కలిసి పట్టుకుంటే మైలా గియిలా ఏదొచ్చినా పూజారిని అడిగి పూర్తి చేసేద్దాం. బస్సు గూడా ఆడోళ్లకు ఫ్రీనే గదా."

"ఎండలు అత్తా! నీకు కళ్లు తిరుగుతాయి" అంది మోహన గాభరాగా.

"తిరిగితే తిరగనీలే. స్వామి సూసుకుంటాడు."

ఆ రాత్రి మోహన వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంది. అత్త వస్తే ఏడు వారాలూ నిజంగానే పూర్తవుతాయి. ఆ తర్వాత తిరుపతి పోవడానికి సాకేది? పెళ్లయిన ఇన్నేళ్లకు తనకంటూ దొరికిన ఒకే ఒక్క పూట చేజారిపోతోంది. "నువ్వే చూసుకో స్వామీ" అని దండం పెట్టుకుంది గానీ, ఏ మొహం పెట్టుకుని అడిగిందో ఆమెకే తెలియాలి.

మర్నాడు దర్శనం ముగిసేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. హోటలు సందులోకి పోకుండా చుట్టూ తిరిగి బస్టాండుకు చేరాలని మోహన పథకం. "ఇట్ల పోదాం అత్తా, నీడ ఉండాది" అని అటు లాగింది. అటువైపు నీడా లేదు, గీడా లేదు. నాలుగడుగులు వేసేసరికి వరలక్ష్మమ్మ తూలింది. "యాడన్నా కూలబడతా, నాతో కాదు" అని, అడ్డదారిన పక్క సందులోకి దూరి కనపడిన మొదటి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ మెట్టు ఎవరిదో వేరే చెప్పాలా?

సప్లయర్ ధనశేఖర్ నీళ్ల గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది మోహనక్కా, పెద్దామెను ఈడ కూర్చోబెట్టినావు? లోపలికి రండి. మూల టేబులు నీ కోసరమే పట్టి పెట్టినా." వెనక్కి తిరిగి గట్టిగా కేకేశాడు. "మాస్టరూ, అక్క వచ్చింది! కారం దోశ ఒకటి, నెయ్యి దండిగా, ఎర్రగా కాల్చాల!"

వరలక్ష్మమ్మ నీళ్లు తాగి, కోడలి మొహం వంక ఒకసారి, ధనశేఖర్ వంక ఒకసారి చూసింది. లేచి లోపలికి నడిచింది.

గల్లా దగ్గర శ్రీనివాసులు లేచి నిలబడి మరీ దండం పెట్టాడు. "అత్తగారా! రండమ్మా. మీ కోడలు మా హోటలుకు లక్ష్మీదేవి. శనివారం ఆమె రాకపోతే మాకేం తోచదు. పోయిన వారం వడ బాగుందని ఇంగో రెండు తెప్పించుకునింది గూడా."

"ఆపు నాయనా, నీ నోరు పడిపోను" అని మోహన లోలోపలే మొత్తుకుంది. ఆయన మెచ్చుకునే కొద్దీ ఆమె కుర్చీలో ఇంతింతగా కుంచించుకుపోతోంది.

దోశ వచ్చింది. వాసన ఘుమఘుమలాడింది. అత్త దాన్ని కన్నార్పకుండా చూస్తోంది. "టిఫిను అన్నం గాదు గదా అత్తా, ఫలహారమే గదా" అని నసిగింది మోహన.

"దోశ బియ్యంతో గాకుండా దేంతో పోస్తారే?"

అప్పుడు ధనశేఖర్ వరలక్ష్మమ్మ వైపు వంగి, "పెద్దమ్మా, మీకేం గావాల?" అని అడిగాడు.

ఆమె తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"నన్నేనా అడిగేది?"

"మిమ్మల్నే పెద్దమ్మా."

"ఏమేముండాయి?"

"ఇడ్లీ, వడ, పొంగలి, పూరీ, ఉప్మా, కారం దోశ, ఉల్లి దోశ, ఉర్లగడ్డ దోశ..."

"ఇంగోసారి చెప్పబ్బా."

అతను మళ్లీ చెప్పాడు. ఆమె చెవులు బాగానే పనిచేస్తాయి, వీధి చివర గుసగుసలు కూడా వినగలదు. అతను తనకోసం అన్ని పేర్లూ వరసపెట్టి చదువుతుంటే వినడం ఆమెకు బాగుంది, అంతే. చాలాసేపు ఆలోచించి, కారం దోశ చెప్పింది. చట్నీలో తిరగమోత చాలలేదని వంక పెట్టి, అదే చట్నీ రెండుసార్లు వేయించుకుంది. పొంగలి చెప్పింది. వడ చెప్పింది. చివర కాఫీ తాగి, గ్లాసు అడుగున మిగిలిన నురగ కూడా వదల్లేదు. మోహన దోశ మాత్రం ఆకులో చల్లారిపోయింది.

బస్సు చిత్తూరు దాకా వచ్చింది. మోహన ఇక పట్టలేకపోయింది. "తప్పయిపోయింది అత్తా. ఇంట్లో చెప్పొద్దు. ఈ ఒక్క పూట గూడా లేకుండా పోతే నేను ఉండలేను" అంటూ ఏడ్చేసింది.

"ఏడుపు ఆపు. అందరూ సూస్తాండారు." వరలక్ష్మమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పట్నుంచీ నీకేం గావాల, నీకేం గావాల అని అందర్నీ నేనే అడిగినా. మీ మామ నన్ను అడిగినాడా? నేను కనిన కొడుకు అడిగినాడా? యాడనో తిరుపతిలో ముక్కూ మొహం తెలీని పిల్లోడు అడిగినాడు." కోడలి వైపు తిరిగింది. "ఇన్నేండ్లుగా నువ్వు మాత్రం అడిగినావా మోహనా?"

మోహన ఏడుపు టక్కున ఆగింది. అడగలేదు. అత్తకేం ఇష్టమో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తన గోల తనదే అయిపోయింది ఇన్నాళ్లూ. సిగ్గుతో తల తిప్పుకుని అత్త చేయి పట్టుకుంది. అత్త విడిపించుకోలేదు.

ఇల్లు చేరేసరికి దీపాల వేళయింది. మామ చెంగయ్య మంచం మీద, ధర్మేంద్ర గడప మీద కూర్చుని ఆకలితో ఎదురుచూస్తున్నారు.

"దర్శనం బాగయిందామ్మా?" అన్నాడు కొడుకు.

"శానా బాగయింది. కానీ నాయనా, ఇంగమీదట శనివారాలు మోహనను ఒక్కదాన్నే పంపేది కుదరదు."

మోహన లోలోపలే స్వామిని తలుచుకుంది. అయిపోయింది, చెప్పేస్తోంది!

"నేనూ పోతా. ప్రతి వారమూ పోతాం. మొక్కు ఏడు వారాలు గాదు, మా ఒంట్లో ఓపిక ఉన్నన్ని వారాలు."

ధర్మేంద్ర బుర్ర గోక్కున్నాడు. "ఇద్దరూ పోతే ఇంట్లో వంటెవరు సేసేది? నాకు అన్నం గూడా వండేది రాదే!"

"నేను మాత్రం పొయ్యి ముట్టించి ఎరుగుదునా?" అన్నాడు చెంగయ్య మంచం మీద నుంచి.

వరలక్ష్మమ్మ చెప్పులు విడిచి, కొంగుతో మొహం తుడుచుకుని, కొడుకు తల నిమిరింది.

"రాకపోతే ఏమిలే నాయనా. మీరిద్దరూ గూడా ఒక్కపొద్దుండండి. పుణ్యం వస్తుంది."

అప్పటినుంచి ఆ ఇంట్లో శనివారం నిష్ఠగా ఒక్కపొద్దుండేది తండ్రీకొడుకులే.