నా బదులు

"నీకు గట్టిగా అరవడమే రాదు, నిన్నెవరు లెక్కచేస్తారే?" అన్నారు మా ఆయన, నేనందించిన చొక్కా తొడుక్కుంటూ. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో నేను ఒక వరసకి సూపర్‌వైజర్‌ని. ఇప్పుడు మొత్తం ఫ్లోర్‌కి ఇన్‌చార్జిని చేస్తామంటున్నారు, ఒప్పుకుంటానో లేదో ఇవాళ చెప్పాలి. వంటగదిలోంచి అత్తగారు "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు" అని సామెత వదిలారు. ఈ ఇంట్లో గెలవడానికి పోటీ ఎప్పుడు పెట్టారో నాకైతే ఎవరూ చెప్పలేదు. చివరికి ఆయనే పెద్దమనసు చేసుకుని, "సరే, తీసుకుంటే తీసుకో. ఇంట్లో మాత్రం ఏ తేడా రాకూడదు" అంటూ బొత్తాం ఊడిన ఇంకో చొక్కా నా చేతిలో పెట్టారు.

మా పని వరసలో సాగుతుంది. ఒకావిడ కాలర్ కుడితే పక్కావిడ చేతులు అతుకుతుంది, ఆ పక్కావిడ కాజాలు వేస్తుంది. మధ్యలో ఒకరు లేస్తే వరసంతా ఆగిపోతుంది. అందుకే బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నా భయమే. నాకు ముందున్న సూపర్‌వైజర్ మెడలో ఈల వేలాడేసుకుని తిరిగేవాడు, ఎవరైనా లేవబోతే ఊదేవాడు. ఆ ఈలకి హడలి, పొద్దుటినుంచి మంచినీళ్ళు ముట్టకుండా కుట్టినదాన్ని నేను. ఆ పని నాకొచ్చాక ఒక్కటే మార్చాను. ఎవరు చెయ్యెత్తితే వాళ్ళ మెషీన్ మీద నేను కూర్చుంటాను, వాళ్ళు వెళ్ళొస్తారు. అంతే. అరవాల్సిన పని రాలేదు. లోపాలతో వెనక్కొచ్చే చొక్కాలు తగ్గాయి. సరుకు తొందరగా పంపాల్సొస్తే "ఉండమంటావా అక్కా" అని వాళ్ళే అడుగుతారు.

అయినా మధ్యాహ్నం డబ్బా తెరిచేసరికి నేను ఒంటరిదాన్నే. ఒకప్పుడు వాళ్ళ మధ్యనే కూర్చుని తిన్నాను. ఇప్పుడు నేను వెళ్తే జరిగి చోటిస్తారు, కానీ అప్పటిదాకా పకపకా నవ్వుతున్నవాళ్ళు నోళ్ళు కుట్టేసుకుంటారు. ఎవరైనా తమ డబ్బాలోది పెట్టబోతే "వద్దమ్మా, నీకు చాలదు" అంటాను. ఇంట్లోనూ అందరి భోజనాలూ అయ్యాక, చల్లారిపోయినది గిన్నె గీరుకుని తినేది నేనొక్కదాన్నే. రోజంతా మనుషుల మధ్యే తిరుగుతాను, నాకంటూ ఒక్క మనిషి ఉన్నట్టుండదు. ఎవరికైనా చెబితే నవ్విపోతారని చెప్పను కూడా.

పోయిన వారం కడుపునొప్పితో నిలబడలేకపోయాను. అది కనిపెట్టింది కాజాలు వేసే అమ్మాయి. కాజాల పిల్ల అంటాం, నోటి దురుసు ఎక్కువ. "అక్కా, నువ్వెళ్ళి కాసేపు పడుకో. లైన్ నేను చూస్తా" అంది. "నాకేం కాలేదు, నీ పని చూసుకో" అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. "మా అందరికీ నువ్వు చెయ్యొచ్చు, నీకు మాత్రం ఎవరూ ఏమీ చెయ్యకూడదా? ఇవ్వడం నీకొక్కదానికే వచ్చా ఏంటక్కా?" అని మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట వారమంతా నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. ఎప్పుడో నాకు జ్వరమొస్తే మా ఆయన ఒక టీ పెట్టిచ్చారు. ఆ టీ కథ ఏడాది పొడుగునా చుట్టాలందరికీ చెప్పారు, పెళ్ళిళ్ళలో కూడా. "మా అన్నయ్యలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు వదినా" అని ఆడపడుచు ఇప్పటికీ అంటుంది. నేను పెట్టిన టీల గురించి మాత్రం ఏ పెళ్ళిలోనూ ఎవరూ చెప్పుకోలేదు. అప్పట్నుంచి ఒకరి చేతి మంచినీళ్ళు తాగాలన్నా నాకు బెరుకే. ఇంట్లో నేను చేసేదాన్ని సేవ అంటారు గానీ, వద్దనే వీలే లేనప్పుడు అందులో నా మంచితనమేముంది? వద్దనగలిగి కూడా చేసింది ఫ్యాక్టరీలోనే. బహుశా వాళ్ళు నా మాట వినేదీ అందుకే. అలాంటివాళ్ళు ప్రేమగా ఇవ్వబోతే తోసేశాను. నోటితో ఊదకపోయినా అదీ ఒక ఈలే.

ఇవాళ మేనేజర్ పిలిచినప్పుడు కాజాల పిల్ల దగ్గరికెళ్ళి, "కాసేపు నా బదులు నిలబడతావా?" అన్నాను. సిగ్గేసింది. "హమ్మయ్య, నోరు తెరిచి అడిగావు" అని, తన మెషీన్ చేతిలో పని అయిపోయిన బొత్తాలు కుట్టే ఆవిడకి అప్పగించి లేచింది.

"ఒక్క షరతమ్మా" అన్నాడు మేనేజర్. "ఇన్‌చార్జివయ్యాక మెషీన్ల మీద కూర్చోకూడదు. హోదా అన్నాక కాస్త దూరం ఉండాలి. చనువిస్తే నెత్తికెక్కుతారు."

నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇంతకుముందు ఏదీ నాకోసమని ఇంత గట్టిగా కోరుకోలేదు. అయినా, "నాకు నడపడమంటే అదొక్కటే వచ్చు సార్. అది వద్దంటే ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాను.

అతను మేడమీది తన గది అద్దంలోంచి కింద ఫ్లోర్ వైపు చూశాడు. వరస ఆగలేదు. కాలర్ కుట్టే ఆవిడ బాత్‌రూమ్ వైపు వెళ్తోంది, ఆవిడ మెషీన్ మీద కాజాల పిల్ల కూర్చుని ఉంది.

"ఆ అమ్మాయిని నువ్వే కూర్చోమన్నావా?"

"లేదు సార్. నేను నిలబడమన్నాను, అంతే."

కాసేపు చూసి, "సరే, నీ పద్ధతిలోనే కానివ్వు. సరుకు మాత్రం ఆగకూడదు" అన్నాడు. నా స్థానంలో ఆ పిల్లని పెట్టమని అడిగాను, దానికీ తలూపాడు.

కిందికొచ్చి చెబితే, ఆ పిల్ల సంతోషం దాచుకోలేక నన్నే కసిరింది. "మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. కాసేపు బయట కూర్చో, పో." వద్దనబోయి ఆగాను. వెనక మెట్ల మీద కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

అప్పుడే మా ఆయన ఫోన్ చేశారు. "ఏం చేస్తున్నావ్?"

"ఊరికే కూర్చున్నాను."

"ఊరికేనా?"

"ఊరికే. ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఇవాళ పని అప్పగించి వచ్చేసరికి ఆలస్యమవుతుంది."

"మరి మా భోజనాలో?"

"వండుకోండి" అన్నాను. "నాక్కూడా ఉంచండి."