భీమమ్మ పంపిన నీళ్ళు

ఒక పచ్చటి వెలుగు కోసం నాలుగేళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాను. కర్నూలులో మా కాలేజీ ల్యాబులో నేను తయారుచేసిన పరీక్ష చెప్పడానికి తేలికే. నీళ్ళలో సీసం లేశమాత్రం ఉన్నా చాలు, అది తగలగానే నేను కలిపిన డీఎన్ఏ పోగు తెగుతుంది, దానికి తగిలించిన రంగు పచ్చగా వెలుగుతుంది. సీసం లేకపోతే ట్యూబు నల్లగానే ఉంటుంది.

కోసిగి దగ్గర ఒక పల్లెలో పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు పక్కనే ఊరి బోరు ఉంది. నీళ్ళలో సీసం ఉన్నట్టు తేలితే బోరు మూయించి నది నీళ్ళ పైపు వేయిస్తానని ఇంజనీరు మాటిచ్చాడు. నేను వెళ్ళినరోజు కరెంటు లేదు, మోటారు ఆడలేదు. నాకేమో బస్సు తొందర. భీమమ్మ అనే పెద్దామె చేతిలో ఖాళీ బాటిళ్ళు పెట్టి, "అవ్వా, కరెంటొచ్చినాక మీరు తాగే నీళ్ళు పట్టి, రేపు బస్సులో పంపించు" అన్నాను. నా చేత్తో నేను పట్టుకోవాల్సిన నీళ్ళు! ఇంత చదువూ చదివి అంత బుద్ధిలేని పని చేశాను.

ట్యూబులు వెలగలేదు. నీళ్ళు మంచివేనని రాసి సంతకం పెట్టాను. ఇంజనీరు పైపు మాట వదిలేశాడు.

రెండు నెలల తర్వాత ఆ దారిన పోతూ భీమమ్మ ఇంటికి వెళ్ళాను. మూడేళ్ళ మనవరాలు హర్షిణి చెంబెత్తి గటగటా తాగుతోంది.

"బోరు నీళ్ళే సుచరితమ్మా," అంది భీమమ్మ మురిసిపోతూ. "మేమేమో ఎప్పుడూ బోరువే తాగుతాంటిమి. పాపకు మటుకు క్యాన్ నీళ్ళు కొంటాంటిమి. నువ్వు మంచివని రాసిచ్చినావు గదా, క్యాన్ మానేసినాం."

నాకూ సంతోషమే అనిపించింది. ఒక్క నిమిషం.

"ఆ పొద్దు నీకు పంపినవి గూడా పాప క్యాన్ నీళ్ళేలే. ఇంటికొచ్చి అడిగిన మనిషికి ఆ కంపు బోరు నీళ్ళు యెట్లిస్తామమ్మా?"

ఈసారి బోరు దగ్గర నేనే నిలబడి పట్టుకున్నాను. మర్నాడు ల్యాబులో ట్యూబు పచ్చగా వెలిగింది. నాలుగేళ్ళు కోరుకున్న వెలుగు. దాని మొహం చూడబుద్ధి కాలేదు.

కొత్త రిపోర్టు తీసుకెళ్తే ఇంజనీరు నవ్వాడు. "రెండింటి మీదా మీ సంతకమే ఉండాది మేడమ్. యేది నమ్మాల?"

భీమమ్మకు ఫోన్ చేశాను. "బోరు నీళ్ళు పాపకు ఇయ్యొద్దవ్వా. సీసం ఉండాది. తప్పు నాదే."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇయ్యంలేమ్మా," అంది. "ఈ రెండు నెల్లు తాగింది పాప కడుపులోంచి యెట్ల తియ్యాల?"