బున్నమ్ అవ్వ కాలు

మా జైలు గదిలో ఏడుగురు ఆడవాళ్ళం ఉండేవాళ్ళం. నేను చీటీలు నడిపి, ఊరందరి డబ్బూ ముంచి లోపలికి వచ్చినదాన్ని. అందుకే నన్ను చీటీలక్కా అని పిలుస్తారు. గది పెద్ద మిహ్వా మొగుణ్ణి చంపి వచ్చింది, కాబట్టి ఆవిడ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. వయసులో అందరిలోకీ పెద్దది బున్నమ్ అవ్వ. బజారులో ఎండుచేపలు దొంగిలిస్తూ మూడోసారి పట్టుబడితే, జడ్జిగారికి ఓపిక అయిపోయి జైలుకు పంపాడు. అవ్వ జన్మలో ఎత్తుకెళ్ళిన చేపలన్నీ కలిపినా, బ్యాంకు సొమ్ము మింగి పక్క గదిలో ఉన్న మేనేజరమ్మ బయట ఒక పూట తిన్న విందుకు సరిపోవు. శిక్ష మాత్రం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే పడింది.

చలికాలం సాయంత్రాలు జైలువాళ్ళు వేడినీళ్ళు ఇస్తారు. వాటిని ప్లాస్టిక్ సీసాలో పట్టి, సీసాను మేజోడులో దూర్చి, దుప్పట్లో పెట్టుకుని పడుకోవడం ఇక్కడ అందరికీ అలవాటు. అవ్వ తన సీసాను పాదాల దగ్గర పెట్టుకుంది. ఆవిడకు ఏళ్ళ తరబడి చక్కెర జబ్బు ఉంది. పాదాలకు స్పర్శ లేదు. పొద్దున పక్కలు మడుస్తుంటే చూశాం, కుడి మడమ మీద అరచేయంత బొబ్బ.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నెప్పి తెలీలేదా అవ్వా?" అన్నాను.

"చీమ కుట్టినట్టు కూడా లేదే. చూడ్డానికే అలా ఉంది. గోల చెయ్యమాక. వార్డెన్లకి తెలిస్తే అందరి సీసాలూ లాగేసుకుంటారు. నా మూలాన మీరందరూ చలికి వణకాలా?"

కాలు ఉడికిపోయినా ఆవిడ బెంగ మా సీసాల మీదే. నేను గోల చేశాను. తాక్ వార్డెన్ వచ్చి చూసి, మొహం చిట్లించి, నర్సు చేత పూతమందు పంపించింది. జైలు డాక్టరు మానేసి వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఇచ్చే జీతానికి కొత్తవాడెవడూ రావడం లేదు. బయటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ఒక బండి, పక్కన కాపలాకు ఇద్దరు మనుషులు కావాలి.

"ఆ ఇద్దర్నీ ఎక్కణ్ణుంచి తేను చీటీలక్కా? నేనే రెండు డ్యూటీలు చేసి చస్తున్నా. వచ్చే వారం చూద్దాం," అంది తాక్ వార్డెన్.

వచ్చే వారం! చీటీ డబ్బు కోసం గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు నేను చెప్పిన మాటే అది. ఆ మాటలో ఎంత సరుకుందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగి అడిగి నోరు పడిపోయినా పెట్టరు.

బొబ్బ చితికింది. పుండు అంచులు నల్లబడ్డాయి. అప్పుడు చివరికి, గురువారం డాక్టరు తెర మీద చూస్తాడని కబురొచ్చింది. ఎక్కడో పట్నంలో కూర్చుని, జైళ్ళన్నిటికీ వరసగా వైద్యం చేసే డాక్టరు. వెళ్ళొచ్చినవాళ్ళు ముందే చెప్పారు: కెమెరా తెర పైన బిగించేసి ఉంటుంది, కదలదు, కూర్చున్న మనిషి మొహం తప్ప ఏమీ కనపడదు, పైగా ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే. కాలు కనపడాలంటే బల్ల మీదికి, సరిగ్గా డాక్టరు మొహానికి ఎదురుగా ఎత్తాలి. అది ఒక్కటి చేస్తే చాలు. ఆ నలుపు చూసిన ఏ డాక్టరైనా బయటికి పంపకుండా ఉండలేడని మిహ్వా తేల్చి చెప్పింది.

అందుకని అవ్వకు తర్ఫీదు మొదలుపెట్టాం. మిహ్వా డాక్టరులా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఊఁ మామ్మగారూ, ఏదీ కాలెత్తండి."

"నీ మొహమ్మీదికా? పోవే."

"ఇప్పుడు నేను మిహ్వాని కాదు. డాక్టర్ని."

"అయితే మరీనూ! డాక్టరుగారి మొహమ్మీదికి కాలెత్తమంటారా? నేనేం అమ్మాబాబూ లేకుండా పెరిగాననుకున్నారా? మా అత్తకి తెలిస్తే చీరేస్తుంది."

"మీ అత్త పోయి నలభై ఏళ్ళు కాలేదా అవ్వా?" అన్నాను.

"పోతే? పైనించి చూడదా?"

గదంతా పడి పడి నవ్వాం. చివరికి మొహం కడుక్కునే బేసిన్ని బోర్లించి, ఇదే డాక్టరనుకోమన్నాం. బేసినుకైతే చక్కగా ఎత్తింది. ఎత్తి, "అయ్యా, ఇదిగో చూడండి," అని కూడా అంది.

"చూశావా, ఎంత సులువో! మనిషికైతే ఎందుకు ఎత్తవు?"

"బేసిను డాక్టరీ చదవలేదుగా."

గురువారం పొద్దున అవ్వ మొహం రెండుసార్లు కడుక్కుంది. జుట్టు తడిచేసి దువ్వుకుంది. మిహ్వాని బతిమాలి బుగ్గలకు క్రీము రాయించుకుంది.

"పెళ్ళిచూపులకి వెళ్తున్నావా? కాస్త జబ్బుమనిషిలా ఏడువు," అని కసిరాను.

"పెద్దమనిషి ముందుకి పాచిమొహంతో వెళ్ళమంటావా?"

అవ్వ నడవలేదు కాబట్టి పట్టుకోవడానికి నన్ను రానిచ్చారు. తాక్ వార్డెన్ గుమ్మం దగ్గర నిలబడింది. తెర వెలిగింది. కళ్ళజోడు పెట్టుకున్న కుర్ర డాక్టరు, మనవడి వయసువాడు. అవ్వ అతన్ని చూడగానే కుర్చీ దిగి, నేల మీద మోకరిల్లి, నుదురు నేలకు ఆనించి దణ్ణం పెట్టింది.

"ఎవరూ లేరేంటి? కుర్చీ ఖాళీగా ఉంది," అన్నాడు డాక్టరు.

నేను ఆవిడను లేవదీసి కూర్చోబెట్టాను. ఉన్న నిమిషాల్లో ఒకటి దణ్ణానికే పోయింది.

"కాలిన గాయమని రాసుంది. ఎలా ఉంది మామ్మగారూ?"

"మీ దయవల్ల బానే ఉందండి. ముసలిముండని, మీకు శ్రమ ఇచ్చాను."

"అవ్వా, కాలు!" అన్నాను చెవిలో.

అవ్వ చెయ్యి మోకాలి మీద వేసింది. ఎత్తాలనే చూసింది. ఆ వేళ్ళు బిగుసుకోవడం నేను చూశాను. తెర మీది మొహం వంక ఒకసారి చూసి, చెయ్యి తీసేసుకుంది.

"తగ్గుముఖం పట్టిందాండీ?"

"పట్టిందండి."

"మొహం కూడా తేటగా ఉంది. అదే మందు రాస్తుండండి."

ఇక నావల్ల కాలేదు. వంగి ఆవిడ కాలు పట్టుకుని బల్ల మీదికి లాగాను. అవ్వ కెవ్వుమని అరిచింది. "వద్దే, తప్పే, కళ్ళు పోతాయే!" అంటూ నా చేతుల మీద కొట్టింది. అంత బలం ఆ ముసలి ఒంట్లో ఎక్కడ దాచుకుందో, కాలు వెనక్కి లాక్కుంది. కుర్చీ ఒరిగింది. తాక్ వార్డెన్ పరిగెత్తుకొచ్చి నా రెక్క విరిచి పట్టుకుంది.

"డాక్టరుగారూ, మొహం కాదయ్యా, కాలు చూడండి! దాని రంగు చూడండి!" అని అరిచాను.

"ఏంటా గొడవ? అక్కడ సర్దుకున్నాక తర్వాతవాళ్ళని పంపండి," అన్నాడతను. తెర నల్లబడింది.

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకు ఆ డాక్టరు మీదకన్నా అవ్వ మీదే ఎక్కువ కోపం వచ్చింది. చెంప మీద ఒక్కటి ఇద్దామనిపించింది. ఆవిడకు పుట్టినప్పటినుంచీ తల వంచడం తప్ప ఇంకేమీ నేర్పనివాళ్ళను వరసపెట్టి తన్నాలనిపించింది. వైద్యం గదిలో అల్లరి చేసినందుకు నన్ను ఒంటరి గదిలో పడేశారు. నన్ను లాక్కెళ్తుంటే అవ్వ వెనకనుంచి ఏడుస్తూ, "దాన్నేం చెయ్యకండమ్మా, నేనే ఎత్తలేకపోయాను," అంటోంది.

శిక్ష అయ్యి తిరిగొచ్చేసరికి గదిలో వాసన ఇంకా పోలేదు. అవ్వ పడుకునే చోట ఎవరూ పక్క వేసుకోలేదు. ఏం జరిగిందో మిహ్వా చెప్పింది. నలుపు చీలమండ దాటి పైకి పాకిందట. జ్వరం కాసింది. చచ్చిపోయిన అత్తతో మాట్లాడటం మొదలుపెట్టింది. గదిలోవాళ్ళు తలుపు బాదితే తాక్ వార్డెన్ ముక్కు మూసుకుని వచ్చింది, చూసి పరిగెత్తింది.

"వెంటనే బండి వచ్చింది. కాపలాకి ఇద్దరు మనుషులూ దొరికారు," అంది మిహ్వా. "ఒంటి మీద స్పృహ లేని ముసలిదానికి చేతికి బేడీ వేసి మరీ మోసుకెళ్ళారు. పారిపోతుందని కాబోలు. ఆసుపత్రిలో కాలు మోకాలి కింద తీసేశారంట. మంచానికి బేడీ, పక్కన ఆ కాపలావాళ్ళిద్దరూ."

"మొదట్లోనే ఆ ఇద్దరూ దొరికుంటే కాలుండేది."

"ఊరుకో చీటీలక్కా. మళ్ళీ ఒంటరి గదికి పోతావు."

తాక్ వార్డెన్ చెడ్డది కాదు, అదే నా బాధ. చెడ్డదైతే కడుపారా తిట్టుకుని పడుకునేదాన్ని. రెండు రోజుల తర్వాత ఆవిడే మా గదికి వచ్చింది. తలుపు తెరిచి, మా ఎవరి మొహమూ చూడకుండా, "బున్నమ్ అవ్వకి శిక్ష నిలిపేశారు. నిన్న మధ్యాహ్నంనించి విడుదలైనట్టే," అంది.

గదిలో చప్పట్లు కొట్టారు. ఇక్కడ ఎవరు విడుదలైనా కొడతాం, చేతులు వాటంతటవే లేస్తాయి. "మరి టోఫూ, అదే ఆ సోయా జున్ను ముక్క, ఎవరు తినిపిస్తారు పాపం? గేటు బయట తెల్లటి టోఫూ తినకపోతే మళ్ళీ లోపలికే వస్తారంటారు," అంది ఒకామె. నేనూ నవ్వాను. ఒంటికాలితోనైనా బయటపడింది, ఏ ఆశ్రమంలోనో పట్టెడన్నం తిని బతుకుతుంది అనుకున్నాను. మిహ్వా మాత్రం చప్పట్లు కొట్టలేదు. లోపల ఎక్కువ ఏళ్ళు ఉన్నది ఆవిడే.

"శిక్ష నిలిపేసేది ఇక బతకరు అన్నవాళ్ళకే కదా వార్డెన్‌గారూ?" అని నెమ్మదిగా అడిగింది. "లోపల పోతే మీ లెక్కలోకి వస్తుందని."

తాక్ వార్డెన్ తాళాల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"అవ్వ ఎలా ఉంది?" అన్నాను.

"రాత్రి పోయింది."

నేను లేచి తలుపు దాకా వెళ్ళాను.

"పోయేటప్పుడు పక్కన ఎవరున్నారు? మీ ఇద్దరు మనుషులూ ఉన్నారా?"

"వాళ్ళు మధ్యాహ్నమే బేడీ తీసేసి వచ్చేశారు," అంది తాక్ వార్డెన్. "ఖైదీ కాని మనిషికి కాపలా ఎందుకుంటుంది చీటీలక్కా?"