వద్దుగారికి పోటీ కావాలి

ఆ ఎన్నికలు వచ్చేనాటికి ఆయన చేతిలో ఉన్న సరుకంతా కలిపి ఇంతే: శాసనసభలో ఏళ్ల తరబడి కూర్చుని తన ఆకారానికి తెచ్చుకున్న ఒక కుర్చీ, తండ్రి వదిలిపోయిన బట్టల కొట్టు, ఎంత అరిచినా బొంగురుపోని గొంతు, ఏ విషయంలోనూ తనతో ఏకీభవించని భార్య, ప్రేమతోనో కోపంతోనో జనం పెట్టిన "వద్దుగారు" అనే పేరు.

పేరు ఊరికే రాలేదు. మార్కెట్‌ను ఊరి బయటికి మారుద్దామంటే వద్దన్నారు. బడిపిల్లల యూనిఫాం రంగు మారుద్దామంటే వద్దన్నారు. పెద్ద వీధిని వన్‌వే చేద్దామంటే, "వెళ్లినవాడు వెళ్లిన దారినే తిరిగి రావాలి. అప్పుడే కదా మన కొట్టు రెండుసార్లు కంటపడేది!" అని నిండు సభలో చెప్పి, ఆ మాటే నెగ్గించుకున్నారు. ఉన్నదాన్ని కదిపితే ఏమొస్తుందో, ఏం పోతుందో ముందు లెక్క చెప్పమనేవారు. చెప్పినా వినేవారు కాదని ఆయన వదిన అంటుంది.

నామినేషన్లకు ఆఖరి రోజు పొద్దున్నే పీఏ మిఠాయి పొట్లంతో ఊగిపోతూ వచ్చాడు.

"నోరు తెరవండి సార్! మీ మీద ఒక్కడంటే ఒక్కడు కూడా నామినేషన్ వెయ్యలేదు. సాయంత్రం దాకా ఇలాగే ఉంటే ఏకగ్రీవం!"

వద్దుగారు నోరు తెరవలేదు. "పోయినసారి నిలబడ్డ లాయరేడీ?"

"అడిగాను సార్. 'ఎవరు నిలబడ్డా ఆయనే వస్తాడు, వచ్చి వద్దంటాడు, ఆ మాత్రానికి నా చెప్పులెందుకు అరగదీసుకోవాలి' అన్నాడు."

"ఆ బస్సు యూనియన్ నాయకుడు?"

"చేపలు పట్టుకోవడానికి వెళ్లాడు సార్."

వద్దుగారి మొహం వాడిపోయింది. "ఒరే నాయనా, మా కొట్టుకి ఎదురుగా ఇంకో బట్టల కొట్టుండేది. అది మూసేసిన రోజున నేనూ నీలాగే గంతులేశాను. కొన్నాళ్లకి నా కొట్లోనూ ఈగలు తోలుకోవలసి వచ్చింది. రెండు కొట్లుంటే జనం అక్కడ చూసి ఇక్కడికీ, ఇక్కడ చూసి అక్కడికీ తిరుగుతారు. ఒక్కటే ఉంటే అసలు ఆ వీధికే రారు. ఎదుటివాడు తలుపు మూశాడంటే మన సరుకు గొప్పదని కాదు, వీధి చచ్చిందని!"

"మరి ఇప్పుడేం చేద్దాం సార్?"

"ఎదురు కొట్టు తెరుద్దాం," అంటూ ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

వదిన డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఆ వేళప్పుడు ఒక బ్యాంకు గుమస్తా చేత కారు రివర్స్ చేయిస్తోంది. ఆ కారుకి రెండు వైపులా బ్రేకులుంటాయి, నేర్చుకునేవాడికొకటి, నేర్పేవాళ్లకొకటి. వద్దుగారు కిటికీలోకి తల దూర్చారు.

"వదినా, మీతో పనిపడింది."

"ఇప్పుడు దేన్ని వద్దనాలి నాయనా?"

"మీరు నా మీద పోటీ చెయ్యాలి."

వదిన కాలు తన వైపు బ్రేకు మీద పడింది. గుమస్తా నుదురు స్టీరింగ్ మీద పడింది.

"ఎండ గానీ తగిలిందా మరిదీ?"

"లేదు. భోజనాల దగ్గర కూర్చున్న ప్రతిసారీ నన్ను దులిపేస్తారు కదా! అదేదో మైకు ముందు దులపండి."

"దులుపుతాను. గెలిస్తేనో?"

"గెలవరు లెండి."

"గెలిస్తేనో అంటున్నా!"

ఆయనకి కుర్చీ గుర్తొచ్చింది. ఎదురు కొట్టు తెరిచాక బేరాలన్నీ అటే వెళ్లిపోవని ఎవరు చెప్పగలరు? అలాగని ఉత్తి వీధిలో కొట్టు పెట్టుకుని కూర్చోవడం ఆయన వల్ల కాదు. "గెలిస్తే మీదే కుర్చీ," అన్నారు చివరికి.

"ఓడాక అలగకూడదు. మీ అన్నయ్య దగ్గర కూర్చుని ముక్కు చీదకూడదు."

"చీదను."

"అయితే ఎక్కు. ఏమండీ గుమస్తాగారూ, ఎన్నికల ఆఫీసుకి పోనివ్వండి. మలుపులు కూడా వచ్చేస్తాయి మీకు."

ఎన్నికల ఆఫీసులో చిక్కొచ్చిపడింది. అభ్యర్థిని ప్రతిపాదిస్తూ ఎవరైనా ఓటరు సంతకం చెయ్యాలి. వద్దుగారి కళ్లెదుటే ఆయనకు వ్యతిరేకంగా సంతకం చేసేంత గుండె ఎవరికుంది? పీఏ కనబడకుండా పోయాడు. గుమస్తాకి బ్యాంకు తాళాలు గుర్తొచ్చాయి. గడువు ముంచుకొస్తోంది. వద్దుగారు జేబులోంచి కలం తీసి గీకి పారేశారు.

అధికారి కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "మీ మీద పోటీ చేసేవారిని మీరే ప్రతిపాదిస్తున్నారా?"

"చట్టంలో వద్దని ఉందా?"

పుస్తకాన్ని అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ తిరగేసి, "లేదండీ," అన్నాడు అధికారి.

"అయితే నేనూ వద్దనను."

ప్రచారం మొదలైంది. వద్దుగారి నినాదం పాతదే, "ఉన్నది ఉన్నట్టు". వదిన నినాదం "కొంచెం జరగండి". మొదటి రోజు ఆయన జీపులో వీధులన్నీ తిరిగితే జనం అరుగుల మీంచి తలలూపి లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు ఒక సందులో జీపుకి ఎదురుగా డ్రైవింగ్ స్కూలు కారొచ్చింది. సందు ఇరుకు. ఎవరో ఒకరు వెనక్కి తియ్యాలి.

"వెనక్కి తియ్యవయ్యా మరిదీ, నీకు వెనక్కి వెళ్లడం అలవాటే కదా!" అంది వదిన మైకులో.

"నేను నిలబడ్డ చోటు నుంచి కదిలే మనిషిని కాదు వదినా!" అన్నారు వద్దుగారు తన మైకులో.

సందంతా పగలబడి నవ్వింది. మేడల మీదికి ఎక్కారు, గోడల మీదికి పాకారు. వంట మధ్యలో వచ్చిన వాళ్ల చేతుల్లో గరిటెలున్నాయి. ఆయన ఆ జనాన్ని ఆబగా చూసుకున్నారు. కొట్టు ముందు బేరగాళ్లు కిక్కిరిస్తే ఎలా ఉంటుందో ఆయన మరిచిపోయి చాలా కాలమైంది. జీపు దిగి వెళ్లి వదిన కారెక్కేశారు. ఆవిడ నడిపేది, పక్క సీట్లో ఈయన. ఆవిడ కాస్త ఎక్కువ చేసి చెప్పిందంటే చాలు, ఈయన తన వైపు బ్రేకు తొక్కేవారు. కారు టక్కున ఆగేది. జనం కేరింతలు.

"చూశారా, బండికి బ్రేకు ఉండాల్సిందే!" అనేది వదిన. "బ్రేకు తప్ప ఇంకేమీ లేకపోతే మాత్రం అది బండి కాదు, గోడ!"

ఓ సాయంత్రం పీఏ ఆయన్ని పక్కకి లాగాడు. "సార్, మీరు నవ్వుకుంటూ ఓడిపోతున్నారు. రైలుగేటు ఇవతల వాళ్లంతా అమ్మగారి వైపే. పాదచారుల వంతెన కావాలంటున్నారు."

వంతెనను వద్దనడం ఆయనకు కొత్త కాదు. ఆ రాత్రి మాత్రం అన్నం సహించలేదు. "మీ ఓటెవరికి?" అని భార్యనడిగారు.

"రహస్య ఓటండీ, చెప్తే చట్టం ఒప్పుకోదు. పెరుగు వేసుకోండి," అందావిడ.

మర్నాడు కారు రైలుగేటు దగ్గర ఆగిపోయింది. గేటు పడి ఉంది. ఇటు సైకిళ్లు, అటు ఆటోలు, మధ్యలో చంకల్లో పిల్లలతో తల్లులు. కదిలే దారి లేని జనం. అంతకంటే మంచి సభ ఎక్కడ దొరుకుతుంది? వదిన కారు దిగి మైకందుకుంది.

"ఇక్కడొక వంతెన కావాలా, వద్దా?"

"కావాలి!" అన్నారు వెనక నుంచి. "వద్దు! వంతెనొస్తే ఇక్కడెవరాగుతారు? నా కొట్టు మూతపడుతుంది," అన్నాడు గేటు పక్కన తాళాలు బాగుచేసే అతను.

"అదీ లెక్కంటే!" వద్దుగారికి ఊపొచ్చింది. "ఈ గేటు పడబట్టి బతికే కొట్లెన్నో చూడండి వదినా. వాటినేం చేస్తారు?"

"వంతెన కిందకి జరుపు."

"కింద చీకటి."

"దీపాలు పెట్టు."

"వానొస్తే నీళ్లు చేరతాయి."

"ఎత్తుగా అరుగులు కట్టు."

"అరుగులు కట్టేదాకా వాళ్లేం తింటారు?"

"అరుగులే ముందు కట్టు మరిదీ, వంతెన తర్వాత కట్టుకో!"

కొట్లో గుడ్డ తాను విప్పి బేరం తెగ్గొట్టేటప్పుడు ఆయన ఒళ్లెలా తేలిపోయేదో, అలా తేలిపోయింది. చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. "సరే, మీ మాటా కాదు, నా మాటా కాదు! ఉన్న కొట్లన్నిటికీ చోటు చూపించాకే వంతెనకి మొదటి ఇటుక. కడదాం!"

అన్నాక వినబడింది ఆయనకి, తాను అన్నదేమిటో. పీఏ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తాళాలతను నోరు తెరిచి ఆయన్నే చూస్తున్నాడు. రైలొచ్చి వెళ్లిపోయింది. గేటు లేచింది. ఒక్కరూ కదల్లేదు.

"మరి ఇద్దరూ ఒకటే అంటుంటే ఓటెవరికెయ్యాలి?" అని ఒక సైకిలతను అడిగాడు.

"బేరం పెట్టింది నేను!" అంది వదిన.

"తెగ్గొట్టింది నేను!" అన్నారు వద్దుగారు.

గేట్‌మన్ వచ్చి దండం పెడితే గానీ దారి క్లియర్ కాలేదు.

లెక్కింపు రోజున హాల్లో ఆయన ఒక చోట నిలబడలేకపోయారు. ఓసారి ఈయన ముందు, ఓసారి ఆవిడ ముందు. వదిన హాయిగా పల్లీలు ఒలుచుకు తింటోంది. అన్నయ్యా, భార్యా పక్కపక్కన కూర్చుని ఎవరికి వేశారో చెప్పకుండా ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఆఖరి పెట్టె తిరగేశాక, వెంట్రుకవాసిలో వద్దుగారు గెలిచారు. గేటు పక్క కొట్లవాళ్లు ఆయన వైపు గట్టిగా నిలబడ్డారట.

"మళ్లీ లెక్కపెట్టండి," అంది వదిన. లెక్కపెట్టారు. గెలుపు ఇంకాస్త సన్నబడింది.

"ఇంకోసారి!"

"వద్దు!" అని అరిచారు వద్దుగారు. అధికారితో సహా హాలంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువగా నవ్వింది వదినే. పల్లీలు పొలమారి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

ఇల్లు చేరాక ఆయన తీరిగ్గా కూర్చుని లెక్క వేసుకున్నారు. పోయినవి: గొంతు, పెద్ద మెజారిటీ, ఎందుకని చెప్పకుండానే వద్దనగలిగే హక్కు. వచ్చినవి: కుర్చీ, కట్టి తీరవలసిన ఒక వంతెన, దారిలో ఆపి మరీ నిలదీసే జనం, అయిదేళ్లూ వదిలిపెట్టని ఒక వదిన. వంతెనను అప్పుల వైపు రాయాలా, ఆస్తుల వైపు రాయాలా అని కాసేపు తటపటాయించారు. ఆస్తుల వైపే రాసుకున్నారు. వదిననూ అటే రాసుకున్నారు. మొత్తం మీద లాభమే తేలింది.