గిద్యోను మాస్టారి ఏసీ, ఒక వెదురుపుల్ల

మార్కాపురంలో గిద్యోను మాస్టారి ఇంట్లో ముసుగు లేని వస్తువు లేదు. సోఫాకు కవరు, ఆ కవరు మాయకుండా దాని మీద తువాలు. ఏసీ కొన్నాక రిమోటు ప్లాస్టిక్ సంచిలో చేరింది. మేడ మీద పెట్టిన అవుట్‌డోర్ యూనిట్టు మీద వీధిలో పోయే పలకరాళ్ల లారీల దుమ్ము పడకూడదని, దర్జీ మోషేను పిలిపించి, కొలతలు తీయించి, రెగ్జిన్ తొడుగు కుట్టించాడు. దానికి గుండీలు కూడా ఉన్నాయి. ఏసీ నడుస్తున్నా ఆ తొడుగు తీసేవాడు కాదు.

అసలు నడవడమే అరుదు. ఆ సంగతి బామ్మర్ది విక్టర్ తర్లుపాడులో ఒక పెళ్లి భోజనాల దగ్గర అందరి ముందూ బయటపెట్టేశాడు.

"మా బావ ఏసీ కొన్నాడంట. అది నడస్తా ఉంటే చూసినోళ్లు ఒక్కరన్నా ఉంటే చెయ్యెత్తండి!"

ఎవరూ ఎత్తలేదు. గిద్యోను భార్య సామ్రాజ్యం కూడా ఎత్తలేదు. అది ఆయనకు బాగా తగిలింది.

అందుకే మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ప్రార్థన కూటం పెట్టించాడు. పాస్టరయ్యగారికి చెప్పాడు, సంఘంలో అందరికీ చెప్పాడు, విక్టర్‌కు రెండుసార్లు చెప్పాడు. జనం వచ్చేలోగా గది చల్లబడాలని ఏసీ వేస్తే వేడిగాలి వచ్చింది.

మెకానిక్ ఆనంద్‌కు ఫోన్ చేశాడు. అతను గిద్దలూరులో ఇంకో ఏసీ విప్పుకుని కూర్చున్నాడు.

"మేడెక్కి చూడండి సార్. బయట ఫ్యాను తిరగతా ఉందా?"

"తొడుగుంది, కనపడదు."

"తొడుగేంది సార్?"

గిద్యోను వివరించాడు.

"సార్, అది వేడిని బయటికి ఊదే మిషను. ఎండాకాలంలో దానికి కోటు తొడిగినారా? ముందు ఏసీ ఆపి ఆ కోటిప్పండి."

విప్పి, కింద సామ్రాజ్యాన్ని కేకేసి మళ్లీ వేయించాడు. ఫ్యాను మూలుగుతోంది గానీ కదలడం లేదు.

"సన్నటి వెదురుపుల్ల జాలీలోంచి పెట్టి రెక్కను కొంచెం తోయండి. చెయ్యి మాత్రం పెట్టమాకండి."

తోశాడు. రెక్క ఒక్క క్షణం ఆలోచించి, గిర్రున తిరిగింది.

"మోటారు బాగానే ఉంది సార్. దాన్ని మొదట తిప్పి వదిలే కెపాసిటర్ ఆ వేడికి ఉడికిపోయింది. పొద్దుగూకేలోపల వచ్చి మారుస్తా. అందాకా గది చల్లబడి అది ఆగి, మళ్లీ మొదలైనప్పుడల్లా మీరే తోయాల. ఆ బాధ వద్దంటే పద్దెనిమిదిలో పెట్టండి, ఇంక ఆగదు."

కరెంటు బిల్లు భయానికి గిద్యోను ఇంట్లో ఏసీ ఇరవై ఏడు నుంచి కిందికి దిగదు. పద్దెనిమిది అనే అంకె ఉందని కూడా ఆయన ఒప్పుకోడు. పుల్లే మేలనుకున్నాడు.

కూటం మొదలైంది. గది హాయిగా ఉంది. విక్టర్ సోఫాలో కూర్చుని, వంక పెట్టడానికి మాట కోసం వెతుక్కుంటున్నాడు. గిద్యోను సంతోషం మొదటి పాట దాకా నిలిచింది. అంతలో పైన చప్పుడు ఆగింది. ఆయన లేచాడు. మండుటెండలో నెత్తిన తువాలు కప్పుకుని, ఫ్యాను ముందు గొంతుక్కూర్చుని, అది మూలిగేదాకా కాచుకుని, తోసి వచ్చాడు. రెండో పాటలో మళ్లీ లేచాడు. వాక్యం చదువుతుండగా మళ్లీ లేచాడు.

"సార్‌కు ఏమైందమ్మా?" అని అయ్యగారు అడిగారు.

"కడుపులో బాగలేదండి," అంది సామ్రాజ్యం, పైట సర్దుకుంటూ.

అయ్యగారు కళ్లు మూసుకుని గిద్యోను కడుపు కోసం ప్రత్యేకంగా, వివరంగా ప్రార్థన చేశారు. అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పింది విక్టర్. చెప్పి, మజ్జిగ గ్లాసు పట్టుకుని బావ కోసం బాత్రూములో చూసి, పెరట్లో చూసి, చివరికి మేడెక్కాడు.

"ఏంది బావా, ఏసీని గొర్రెను తోలినట్టు తోలతాండావు?"

"మెల్లిగా మాట్లాడరా సామీ," అని గిద్యోను జరిగిందంతా చెప్పుకున్నాడు.

విక్టర్ నవ్వలేక నీళ్ల ట్యాంకును పట్టుకున్నాడు. "పద్దెనిమిదిలో పెడితే పాయె గదా!"

"ఆ మాట ఎత్తమాక."

"అయితే ఇప్పుడే కిందికి పోయి చెప్తా. ఏసీలో మనం, ఎండలో ఏసీ కొన్నాయన అని! కడుపునొప్పంటే నిజమేననుకున్నా గదా. అయ్యగారు ప్రార్థన గూడా చేసినాడు."

"కడుపునొప్పని ఎవరు చెప్పినారు?"

"అక్కే చెప్పింది."

"పో మరి. మీ అక్క కూటంలో కూర్చుని అయ్యగారితో అబద్ధమాడిందని అందరికీ చెప్పుకో."

విక్టర్ నవ్వు ఆగిపోయింది. అటు వైపు నుంచి ఆలోచించలేదు. మజ్జిగ తనే తాగేసి చెయ్యి చాపాడు.

"తే ఆ పుల్ల. తువాలు గూడా ఇట్ల ఇయ్యి. నువ్వు పోయి కూర్చో."

గిద్యోను దిగివచ్చి సోఫాలో చేరగిలబడ్డాడు. పక్కనున్న సంఘస్తురాలు కేథరిన్ కళ్లు అరమూసుకుని చలవను అనుభవిస్తోంది.

"ఏం సల్లగుంది అన్నా! ఇవి కొంటే ఊరికే రిపేర్లంటారే, శానా అగచాట్లు పడాలంటగా?"

"ఎవరమ్మా చెప్పింది?" అన్నాడు గిద్యోను. "దాని పాటికది తిరుగుద్ది."