మసిగుడ్డకి రేకుల అంచు

ఆడపడుచు అరచేతికి కట్టిన కట్టు చూసినప్పటినుంచీ వదినకి ముద్ద దిగడం లేదు.

"నువ్వు కుట్టిచ్చిన మసిగుడ్డ అందంగా ఉందని మురిసిపోయాను వదినా. కాంటీన్‌లో అందరికీ చూపించుకున్నాను కూడా. గిన్నె దించబోతే చెయ్యి చుర్రుమంది," అంది ఆడపడుచు. ఆమె ఒక ఫ్యాక్టరీ కాంటీన్‌లో వంటమనిషి. "దాన్ని గోడకి తగిలించుకుంటాలే, బొమ్మలా బాగుంటుంది. గిన్నెలకి నా చింకి తువ్వాలు చాలు."

తప్పు వదినదే. పాత సోఫా దిండులోంచి తీసిన స్పాంజి ముక్క లోపల పెట్టి, పైన పువ్వుల గుడ్డ వేసి బొంతకుట్టు కుట్టింది. చుట్టూ అంచుకి, ముక్కోణాలుగా మడిచిన రంగుగుడ్డలు రేకుల్లా పెట్టింది. మెత్తగా ఉంటే చాలనుకుంది. వేడికి స్పాంజి కరిగి జిగురైపోతుందని తోచలేదు.

"కొట్లో రబ్బరువి దొరుకుతాయిగా, ఒకటి కొనిద్దాం," అన్నాడు భర్త.

"కొన్నదిస్తే దాని చెయ్యి కాలదు, సరే. కాల్చింది నా కుట్టు కదా! అది నా కుట్టు పట్టుకుని గిన్నె దించేదాకా నేను వదలను."

"అయితే ఇవాళ వంట నాదే అన్నమాట."

"అన్నమాటే కాదు, కూర మాట కూడా."

ఈసారి అరిగిన నూలు తువ్వాళ్ళు ఉతికి ఆరబెట్టి, పొరమీద పొర వేసింది. మధ్యలో దూది పరిచింది. అంత మందాన మిషను సూది పుటుక్కున విరిగింది. ఇంకో సూది ఎక్కిస్తే అదీ అంతే. మిషనుకి మూతపెట్టి, వేలికి ఇనప టోపీ తొడుక్కుని చేత్తోనే మొదలుపెట్టింది.

అంచు దగ్గర మళ్ళీ దెబ్బతింది. ముక్కోణాల కొసలు బయటికి పెట్టి కుట్టింది. సంచిని తిరగేసినట్టు తిరగేసేసరికి రేకులన్నీ కడుపులోకి పోయి, బయట బోడి గుడ్డ మిగిలింది.

"దీనికి సిగ్గెక్కువలా ఉందే," అన్నాడు భర్త తొంగిచూసి.

ఆమె నవ్వలేదు. కుట్టంతా విప్పేసింది. కొసలు మధ్యకి చూసేలా పేర్చి, మళ్ళీ కుట్టి, తిరగేసింది. రేకులు వరసగా బయటికి విచ్చుకున్నాయి.

అయినా వెంటనే తీసుకెళ్ళలేదు. మరుగుతున్న నీళ్ళ గిన్నె దించి, ఆ గుడ్డమీద పెట్టి, అరచేతిలో మోస్తూ నిలబడింది.

"పిచ్చిగానీ పట్టిందా నీకు?" భర్త కేకేశాడు.

"కాలితే ముందు నాదే కాలాలి."

అరచెయ్యి గోరువెచ్చనయింది, అంతే.

మర్నాడు నేరుగా కాంటీన్ వంటగదిలోకే వెళ్ళింది. ఆమె చేతిలోది చూడగానే ఆడపడుచు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మళ్ళీ తెచ్చావా తల్లీ! మిగిలిన ఈ ఒక్క చేతిమీదా పడిందా నీ కన్ను?"

వదిన ఆ గుడ్డతోనే పొయ్యిమీద కుతకుతలాడుతున్న పులుసు గిన్నెని పిడి పట్టి దించింది, మళ్ళీ పొయ్యెక్కించింది, అరచెయ్యి చాపి చూపించింది. ఎక్కడా కందలేదు. ఆడపడుచు ఆ చేతిని తడిమి చూసింది. గుడ్డ లాక్కుని, లోపలేముందోనని నొక్కి నొక్కి చూసింది. చివరికి బాగున్న చేత్తో పిడి పట్టుకుంది.

మొదట కాస్త పైకెత్తి ఆగింది. తర్వాత గిన్నెని గదికి ఆ చివరున్న గట్టుదాకా మోసుకెళ్ళి, నింపాదిగా దించింది. దించడంలో గిన్నె ఒలికి, రంగురేకులు నాలుగు పులుసులో మునిగాయి. వదిన మొహం ముడుచుకుపోయింది.

"ఏం వదినా, అలా చూస్తావేం?"

"అంచు... ఎంత కష్టపడి..."

"మునగనీ! మసిగుడ్డేగా," అంటూ దాన్ని నడుముకి దోపుకుంది ఆడపడుచు. "ఇంకా దించాల్సినవి బోలెడున్నాయి. కాస్త పక్కకి జరుగు."